గంగాళం దగ్గర దొరిందా

ఎవారిస్తో ఆక్టోపస్ తలను మేజోడు తిరగేసినట్టు తిరగేసి, లోపలి తిత్తిని బొటనవేలితో ఊడబెరికి బకెట్లో పడేశాడు. కాళ్ల మధ్య దాక్కున్న నల్లటి ముక్కును కత్తిమొనతో పెకిలించాడు. ఇక కాళ్లు మిగిలాయి. ఒక్కో కాలినీ పిడికిట్లో బిగించి కిందికి దువ్వుతుంటే బుడిపెల్లో ఇరుక్కున్న ఇసుక గరగరమంటూ తొట్టిలోకి రాలుతోంది. ఆ పనిలో ఉండగా ముందు గది కిటికీ దగ్గర్నుంచి ఎవరో ఆడమనిషి "దొరిందా!" అని కేక పెట్టింది.

అతని పిడికిలి ఆగింది.

కేక వినపడినందుకు కాదు. ఈ దారిన కాలినడకన యాత్రకు పోయేవాళ్లు గుమ్మం మీది దొరిందా బొమ్మ చూసి ఆ పేరు కేకపెట్టడం మామూలే. ఈసారి కేకకు జవాబు వచ్చింది. "ఇదిగో, ఇక్కడే ఉన్నా!" అని ఎవరో నవ్వుతూ పలికారు.

దొరిందా చలికాలంలో పోయింది. ఇది ఆగస్టు.

అతను రబ్బరు ముందుగుడ్డకు చేతులు తుడుచుకుని నడవలోకి వచ్చి నిలబడ్డాడు. వీధి కిటికీ దగ్గర రాగి గంగాళం కుతకుత ఉడుకుతోంది. దాని పక్కన తెల్ల టోపీ పెట్టుకున్న ఒతీలియా, చేతిలోని కత్తెర పైకెత్తి కిటికీ బయటివాళ్లకు ఊపుతోంది. బయట వెడల్పాటి టోపీలో ఒక కొరియా ఆవిడ. వీపున సంచి, సంచికి యాత్రికుల గవ్వ, మోకాళ్లదాకా దుమ్ము. ఆవిడ తన ఫోను ఒతీలియా ముఖం పక్కన పెట్టి చూసుకుని, చప్పట్లు కొట్టి, పక్కనున్నవాళ్లకు ఏదో చెప్పింది. వాళ్లూ చప్పట్లు కొట్టారు.

ఫోనులో ఉన్నది దొరిందా. రెండేళ్ల కిందో మూడేళ్ల కిందో తీసిన ఫొటో అయ్యుంటుంది. దొరిందా ముఖం కోల, ఈమెది గుండ్రం. దొరిందా పొడుగు, ఈమె పొట్టి. టోపీ ఒకటే, ఆవిరికి కందిన బుగ్గలు ఒకటే. దారిన పోయేవాళ్లకు ఆ మాత్రం చాలు.

ఎవారిస్తో గంగాళం దగ్గరికి వెళ్లాడు. ఒతీలియా ఇనప కొక్కేనికి కొత్త ఆక్టోపస్‌ను తగిలించి నీళ్లలో ముంచింది, తీసింది. కాళ్లు చుట్టచుట్టుకున్నాయి. మళ్లీ ముంచింది. మూడు మునకలూ, అదే వాళ్ల భాషలో జంతువుకు భయం పెట్టడం, పూర్తయ్యేదాకా గంగాళం దగ్గరి మనిషితో మాట్లాడకూడదు. లేకపోతే తోలు ఊడిపోతుంది. అతను ఆగాడు. మూడోది అయి, ఆక్టోపస్ నీళ్లలో మునిగాక అడిగాడు.

"ఆవిడ పిలిచింది ఎవరిని?"

"నన్నే."

"నీ పేరు అదా?"

"తినడానికి వచ్చిన మనిషి పిలిచింది, పలికాను. అందులో ఏముంది?"

"చచ్చినవాళ్ల పేరుకు పలికే నోరు పుచ్చిపోతుంది."

"పుచ్చితే పుచ్చనివ్వండి. కాస్త పక్కకు జరగండి ఎవారిస్తో గారూ, నీళ్లు చిందుతాయి."

అతను జరగలేదు. వేడినీళ్లు చిటుక్కున చింది అతని మణికట్టు మీద పడ్డాయి. చెయ్యి వెనక్కి లాక్కోలేదు. ఈ మధ్య కాలిందని తెలియడానికి అతనికి కొంచెంసేపు పడుతోంది.

బావమరిది అమారో లోపలి బల్ల దగ్గర రొట్టె కోస్తున్నాడు. కొట్టు అతనిది. అంతకుముందు అతని నాన్నది. దొరిందా అతని అక్క. చెవి మీద పళ్లు కుట్టుకునే పుల్ల పెట్టుకుని తిరగడం అమారోకు వాళ్ల నాన్న నుంచే వచ్చింది.

"అమారో! ఈ ఆర్కోస్ మనిషి మీ అక్క పేరుకు పలుకుతోంది, విన్నావా?"

ఒతీలియా చేరి ఏడాది దాటినా ఎవారిస్తో ఆమెను పేరుతో పిలవడు. ఆర్కోస్ ఊరు నుంచి వచ్చింది కాబట్టి ఆర్కోస్ మనిషి. అంతే.

అమారో కత్తి ఆపలేదు. "విన్నాను బావా."

"విని?"

"విని రొట్టె కోస్తున్నాను. బావా, ఆవిడ ఎక్కడో ఫ్రాన్సు కొండల అవతల నడక మొదలుపెట్టి ఉంటుంది. అప్పట్నుంచీ ఇదే ధ్యాస. ఏ సత్రంలో చూసినా ఇదే మాటట. కాళ్ల బొబ్బలకు సూది గుచ్చుకుంటూ, మన మెలీదె చేరితే ఆక్టోపస్, మెలీదెలో దొరిందా అని చెప్పుకుంటారట. అంత దూరం నడిచొచ్చినవాళ్లకు కిటికీ దగ్గరే చావుకబురు చల్లగా చెప్పమంటావా?"

"వాళ్ల కాళ్ల బొబ్బలకు నా పెళ్లామా మందు?"

బెంచీ చివర సెల్సో కూర్చుని ఉన్నాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఊళ్లో ఉత్తరాలు పంచినవాడు. ఇప్పుడు రోజూ ఆ చివరే కూర్చుని పింగాణీ గిన్నెలో తెల్ల వైను తాగుతాడు. "ఎవారిస్తో," అన్నాడతను, "నిన్ను మూడుసార్లు కాదురా, ముప్ఫైసార్లు ముంచి తీసినా మెత్తబడవు."

"నువ్వు వైన్లో నాని మెత్తబడ్డావుగా, చాలు."

"అది నిజమే," అని సెల్సో గిన్నె ఎత్తాడు. "కానీ ఒక్క మాట. ఈ పిల్ల బాగానే వండుతోంది. నువ్వే పళ్లెం ముట్టట్లేదు. తిన్నాక తిట్టరాదూ?"

"తినను. కళ్లకు గంత కట్టి నా ముందు పది పళ్లేలు పెట్టు. దొరిందా చేతి ముక్క ఏదో నాలిక మీద పెట్టగానే చెప్పేస్తాను. ఆసుపత్రికి వెళ్లిన రోజు దాకా ఆమె చేతిదే తిన్నాను. ఇంకొకరిది నాకెందుకు?"

సెల్సో ఏదో అనబోయి గిన్నెలోకి చూసుకున్నాడు. అమారో కూడా తలెత్తలేదు. ఒతీలియా గంగాళం మూత సర్దింది.

ఎవారిస్తో తన మాట తను చెప్పాడు. గుమ్మం మీది బొమ్మ దిగాలి. ఈమె ఆ పేరుకు పలకడం మానాలి. లేదంటే ఆదివారం సంతకు కడిగేవాణ్ని ఇంకొకణ్ని చూసుకోవాలి.

"సంత రోజు వదిలేసి పోతావా?" అన్నాడు అమారో.

"పోతాను."

అమారో కత్తి బల్ల మీద పెట్టి బావ ముఖంలోకి చూశాడు. పోతానంటే పోయే మనిషని అతనికి తెలుసు. సొంత తమ్ముడి పెళ్లికి ఏదో మాట పట్టింపుతో వెళ్లకుండా, ఆ తమ్ముడు పోయినా వెళ్లని మనిషి.

"సరే. సంత కానీ. సోమవారం పొద్దున నిచ్చెన వేసి బొమ్మ దించుతాను. ఒతీలియా, నువ్వు ఇక పలకద్దు."

"నేను పలకకపోతే ఏం చెప్పను?" అంది ఒతీలియా.

"నిజం చెప్పు," అన్నాడు ఎవారిస్తో. "చచ్చిపోయిందని చెప్పు. నీ సొమ్మేం పోదు."

ఆమె అతని వైపు ఒకసారి చూసింది. ఆ చూపులో కోపం ఉంటే అతనికి బాగుండేది. లేదు.

మర్నాడు పొద్దున పని మామూలుగానే మొదలైంది. రాత్రంతా కరిగిన ఆక్టోపస్‌లు రాతి తొట్టిలో బూడిదరంగు గుడ్డల్లా పడి ఉన్నాయి. ఎవారిస్తో ఒక్కొక్కదాన్నీ కళ్లుప్పు వేసి రుద్దాడు. జిగురు నురగలా పైకి తేలింది. కడిగాడు, మళ్లీ రుద్దాడు. మధ్యాహ్నానికి ఇంటి నుంచి తెచ్చుకున్న రొట్టె, జున్నుముక్క తొట్టి గట్టు మీద పెట్టుకుని నిలబడే తిన్నాడు. రుచి ఏమీ తెలియలేదు. తెలియాలని కూడా అనుకోలేదు.

గిన్నెల బుట్ట మోసుకుని ముందు గదిలోకి వెళ్లినప్పుడు కిటికీ దగ్గర ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. ఐర్లండు మనిషి. ఒక మోకాలికి పట్టీ, చేతిలో కర్ర. ముఖం ఎండకు ఎర్రగా ఉడికిపోయింది.

"దొరిందా!" అన్నాడు ముసలాయన.

ఒతీలియా వెనక్కి తిరగలేదు. ఇనప పుల్లతో గంగాళంలోని ఆక్టోపస్ కాలు పొడిచి చూస్తోంది. దిగిందో లేదో చూసి, పుల్ల తీసి, మళ్లీ అక్కడే పొడిచింది.

"దొరిందా!" ముసలాయన గొంతు పెంచాడు. ఇంకా తిరగకపోయేసరికి తలెత్తి గుమ్మం మీది బొమ్మను చూశాడు. కొట్టు ఇదేనా కాదా అని అనుమానం వచ్చినట్టుంది. ఈ భాష ముక్కలు ముక్కలుగా పేర్చుకుంటూ అన్నాడు. "నేను... ముందు వచ్చాను. నా భార్యతో. అక్కడ కూర్చున్నాం. దొరిందా మాకు తినే పుల్లలు రెండు ఇచ్చింది. ఒకటి విరిగింది. నవ్వింది."

ఒతీలియా అప్పుడు తిరిగింది. ముందుగుడ్డకు చేతులు తుడుచుకుంది. నడవలో నిలబడ్డ ఎవారిస్తోను చూసింది. తర్వాత ముసలాయనతో చెప్పింది. "దొరిందా లేదండీ. చనిపోయింది."

ముసలాయనకు ఆ మాట అర్థమైంది. ఆ మాట ఏ భాషలోనైనా అతనికి అర్థమయ్యేలాగే ఉంది. లోపలికి వచ్చి, పొడుగు బెంచీ మీద కర్ర ఆనించి కూర్చున్నాడు. పళ్లెం తెప్పించుకున్నాడు. ఒతీలియా చెక్కపళ్లెంలో ముక్కలు కోసి, నూనె పోసి, ఉప్పూ ఎర్రటి మిరప్పొడీ చల్లి, రెండు పుల్లలు గుచ్చి ముందు పెట్టింది. అతను రెండు పుల్లలనూ చూశాడు. ఒకదాన్ని తీసి బల్ల మీద పెట్టాడు. పళ్లెం పక్కన చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. నూనె చల్లారి ముక్కల మీద మందంగా పేరుకుంది. కాసేపటికి లేచి, డబ్బు బల్ల మీద పెట్టి, కర్ర తీసుకుని కుంటుకుంటూ వెళ్లిపోయాడు.

పళ్లెం ఎత్తింది ఎవారిస్తోనే. ఒక్క ముక్క కూడా కదల్లేదు. తొట్టి పక్కన బకెట్లోకి వంచాడు. ముక్కలు పళ్లేనికి అంటుకున్నాయి. చెక్క గరిటెతో గోకాడు.

ఇదే కదా తను కోరింది. నిజం చెప్పించాడు. ఎక్కడో ఒకచోట కాస్త ఊరట కలగాలి కదా అని చూసుకున్నాడు. ఏమీ కలగలేదు. సంతోషమూ లేదు, బాధా లేదు. తొట్టిలో నీళ్లు మార్చాడు.

శనివారం ఇంకో ఇద్దరు అలాగే వెళ్లారు. ఒకమ్మాయి కిటికీ దగ్గరే ఏడ్చింది. అమారో ఎవారిస్తోకు వినపడేలా రొట్టె గట్టిగా కోశాడు.

ఆదివారం సంత. పొద్దెక్కేసరికి ఊరంతా బండ్లు, దూడలు, కోళ్ల గంపలు, జున్ను బల్లలు. సంతకొచ్చినవాళ్లకూ దారిన నడిచొచ్చినవాళ్లకూ తేడా లేకుండా కొట్టు నిండిపోయింది. బెంచీల మీద ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో ఎవరికీ పట్టదు. పళ్లేలు అందించే అమ్మాయి కడుపునొప్పని రాలేదు. అమారో వెనక గదిలోకి తల దూర్చాడు.

"బావా, కడిగింది చాలు. వచ్చి గంగాళం దగ్గర పళ్లేలు పట్టు."

"నేనా?"

"నాకేమైనా ఎనిమిది కాళ్లున్నాయా? రా."

దొరిందా ఉన్నన్నాళ్లూ ఎవారిస్తో ఎప్పుడూ గంగాళం దగ్గర నిలబడలేదు. అది ఆడవాళ్ల చోటు. ఆర్కోస్ నుంచైనా, ఎక్కడి నుంచైనా, గంగాళం దగ్గర నిలబడేది ఆడవాళ్లే. మగవాళ్లు కడుగుతారు, మోస్తారు. అతను వెళ్లి ఆవిరిలో నిలబడ్డాడు. చెక్కపళ్లేల దొంతర ఎడమచేతి మీద పెట్టుకుని ఒక్కొక్కటీ ముందుకు చాపాడు.

ఒతీలియా కొక్కెంతో ఆక్టోపస్‌ను ఎత్తి, ఒక కాలు తెంపి, పళ్లెం మీదుగా పట్టుకుని కత్తెర ఆడించింది. టక్, టక్, టక్. ముక్కలు పళ్లెంలో పడుతున్నాయి. కాలు లావుగా ఉన్నచోట పల్చగా, సన్నబడేకొద్దీ పొడుగ్గా కోస్తోంది. కత్తెరను నిలువుగా పట్టదు. కొంచెం ఏటవాలుగా వాల్చి, చివర్లో మణికట్టు తిప్పుతుంది. ముక్కకు ఒక పక్క మందం, ఒక పక్క పలచన. పలచని పక్క నూనెలో ముందు నానుతుంది. మందం పక్క పంటికి తగులుతుంది.

ఎవారిస్తో పళ్లెం అందించాడు. ఇంకోటి అందించాడు. తర్వాతది అందించడం మర్చిపోయాడు.

ఈ ముక్క అతనికి తెలుసు.

"పళ్లెం!" అంది ఒతీలియా. అతను చాపాడు.

మధ్యాహ్నం వాలాక జనం పలచబడ్డారు. ఒతీలియా గంగాళం కింద మంట తగ్గించి, వెనక వాకిట్లోకి వెళ్లి, గట్టు మీద కూర్చుని బూట్లు విప్పి పాదాలు బకెట్టు నీళ్లలో పెట్టింది. ఎవారిస్తో వెనకే వచ్చాడు.

"పేరు చాలలేదు, చెయ్యి కూడా దొంగిలించావు."

ఆమె తల తిప్పి చూసింది. "ఏమన్నారు?"

"ఆ కోత. ఏటవాలు కోత. అది దొరిందాది. ఎన్నాళ్లు నిలబడి చూసి ఎత్తుకున్నావు?"

"ఇది మా అమ్మ కోత ఎవారిస్తో గారూ. మా ఊళ్లో అందరం ఇలాగే కోస్తాం. దొరిందా అక్క నిలువుగా కోసేది."

"నాకు చెప్తావా? పోయిన ఏడాదంతా నా పళ్లెంలో పడ్డది ఈ ముక్కే. రోజూ తిన్నాను. నేనే అన్నాను కూడా ఆమెతో..."

అతను ఆగాడు.

"ఏమన్నారో నాకు తెలుసు," అంది ఒతీలియా. బకెట్లో పాదాలు కదిపింది. "ఇన్నేళ్లకు నీకు కొయ్యడం వచ్చిందే అన్నారు. అక్క పళ్లెం పట్టుకుని గంగాళం దగ్గరికొచ్చి, నవ్వాపుకోలేక అక్కడే కూలబడింది. ఒసేయ్ ఒతీలియా, మా ఆయన పెళ్లయ్యాక మొదటిసారి మెచ్చుకున్నాడే, అదీ నిన్ను అంది."

వాకిట్లో కోడి ఒకటి వచ్చి బకెట్టు చుట్టూ తిరిగింది. ఎవారిస్తో దాన్ని చూస్తూ నిలబడ్డాడు.

"క్యాన్సరుకు మందు ఎక్కించుకోవడం మొదలుపెట్టాక అక్క వేళ్లకు స్పర్శ పోయింది. కత్తెర పట్టుకుంటే పట్టుకున్నట్టు తెలిసేది కాదు. ఒకరోజు తన వేలే కోసుకుంది. రక్తం పళ్లెంలో పడ్డాక గానీ చూసుకోలేదు. ఆ రోజే అమారోగారు మా ఊరికి కబురు పెట్టారు. పోయిన ఏడాది ఈస్టర్ నుంచీ వండింది నేను, కోసింది నేను. అక్క కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుని వచ్చినవాళ్లతో మాట్లాడేది."

"నువ్వు పళ్లేలు మొయ్యడానికి వచ్చావన్నారు."

"మీకు అలా చెప్పమంది."

"ఎవరెవరికి తెలుసు?"

"గంగాళం ముందు కూర్చునేవాళ్లందరికీ తెలుసు. మీరు వెనక గదిలో ఉంటారు కదా."

ఇంట్లో ఆ ఏడాది దొరిందా చేతిలో కప్పులు పగిలేవి. చొక్కా గుండీలు పెట్టుకోకుండా పైన శాలువా కప్పుకునేది. ధ్యాస ఎక్కడ పెట్టుకున్నావని కేకలేసేవాడు. ఆమె ముక్కలు ఏరుకునేది.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు. అడిగినట్టు లేదు, ఆ గొంతు.

"నేనూ అడిగాను. నా చేతిది కాదని తెలిస్తే ఆయన పళ్లెం ముట్టడు, తిననీ అంది." ఒతీలియా పాదాలు నీళ్లలోంచి తీసి ముందుగుడ్డతో తుడుచుకుంది. "పేరు సంగతి కూడా అక్కే చెప్పింది. అమారోగారు కాదు. అంత దూరం నడిచొచ్చి పిలుస్తారు, పిలిస్తే ఎవరూ పలక్కపోతే బాగుండదే, నువ్వు పలుకు అంది. నాకు ఇష్టంలేదు. మాట ఇచ్చాను."

"నాకు చెప్పకూడదని కూడా ఇచ్చావుగా మాట."

"ఇచ్చాను. మీరు దొంగ అన్నారు."

ఆమె బూటు తాడు కట్టుకుంది. లేచి లోపలికి వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగింది. చెప్పాలా వద్దా అన్నట్టు చౌకట్టు మీద చెయ్యి వేసి నిలబడింది.

"మీ పళ్లెంలో ఉప్పు మాత్రం నన్ను ముట్టుకోనిచ్చేది కాదు. అది తనే వేసేది. అంతా అయ్యాక, నువ్వు జరుగు అని, తనే వేసి, తనే పట్టుకొచ్చేది. వేళ్లకు తెలియదు కదా. ఒకరోజు గుప్పెడు పడేది, ఒకరోజు అసలే ఉండేది కాదు. నేను చెబితే వినేది కాదు."

అంత చెప్పి వెళ్లిపోయింది.

ఎవారిస్తో వాకిట్లోనే నిలబడ్డాడు. సముద్రం నీళ్లు తాగించడానికి పెట్టావా అని పళ్లెం వెనక్కి తోసింది గుర్తుంది. ఒక రోజు కాదు. ముక్క బాగుంది, ఉప్పు తగలేశావు అనేవాడు. ఉప్పెయ్యడం కూడా మర్చిపోయావా అనేవాడు. ఆమె పళ్లెం తీసుకుని వెళ్లేది. ఆసుపత్రికి వెళ్లే రోజు కూడా అదే అన్నాడు. ఏడాది పొడుగునా అతని పళ్లెంలో ఆమె చేతిది ఉప్పొక్కటే. దాన్నే తిట్టాడు.

ఏడుపు రాలేదు. కోడిని కాలితో పక్కకు నెట్టి, బకెట్టు నీళ్లు కాలవలో పారబోసి, తొట్టి దగ్గరికి వెళ్లి మిగిలిన వాటిని కడగడం మొదలుపెట్టాడు. సాయంత్రం ఇంటికి వెళ్లాడు.

సోమవారం పొద్దున అమారో నిచ్చెన తెచ్చి గుమ్మం మీద వేశాడు. అన్న మాట తప్పే మనిషి కాదు. మేకులు పీకే పట్టుకారు నడుముకు దోపుకుని, రెండు మెట్లెక్కి, ఎవారిస్తో వీధి మొదట్లో కనపడేసరికి ఆగాడు.

ఎవారిస్తో వెనక దారిన రాలేదు. ముందు గుమ్మంలోంచి, నిచ్చెన కిందనుంచి లోపలికి వచ్చాడు. రబ్బరు ముందుగుడ్డ కట్టుకోలేదు. బెంచీ మీద సెల్సోకు ఎదురుగా కూర్చున్నాడు. ఆ బెంచీ మీద అతను కూర్చోవడం ఎవరూ చూడలేదు.

"ఒక పళ్లెం," అన్నాడు.

సెల్సో గిన్నె కింద పెట్టాడు. నోట్లో ఏదో ఎగతాళి ఊరినట్టుంది గానీ మింగేశాడు.

ఒతీలియా ఆక్టోపస్‌ను ఎత్తింది. ఒక కాలు కోసింది. ముక్కలు ఏటవాలుగా పడ్డాయి. నూనె పోసింది. మిరప్పొడి చల్లింది. ఉప్పు డబ్బా మీదికి చెయ్యి పోయింది.

"అది ఇలా ఇవ్వు," అన్నాడు ఎవారిస్తో.

ఆమె పళ్లెమూ, ఉప్పు డబ్బా రెండూ తెచ్చి ముందు పెట్టింది. అతను డబ్బాలో చెయ్యి పెట్టి, చూడకుండా, పిడికిలి నిండా కళ్లుప్పు తీసి ముక్కల మీద వదిలాడు. ఎర్రటి నూనె మీద ఉప్పు తెల్లగా పడింది. కొంత బల్ల మీద పడింది.

"ఒరేయ్," అన్నాడు సెల్సో మెల్లగా. "పుండు పడుతుందిరా నోరు."

ఎవారిస్తో పుల్లతో ఒక ముక్క తీసి నోట్లో పెట్టుకున్నాడు. నాలిక మంటెత్తింది. నమిలాడు. ఉప్పురాళ్లు పళ్ల కింద పటపటమన్నాయి. దాని కింద ముక్క మెత్తగా, కొసకు గట్టిగా తగిలింది. నిరుడు తిన్నదే. మింగాడు. ఇంకో ముక్క తీశాడు. సెల్సో వైను గిన్నె అతని వైపు జరిపాడు. అతను ముట్టుకోలేదు. కళ్లలోంచి నీళ్లు కారాయి. అది ఉప్పుకే. చొక్కా చేత్తో తుడుచుకుని ఇంకో ముక్క తీశాడు.

గుమ్మం పైనుంచి అమారో వంగి చూశాడు. "బావా, దించేయమంటావా?"

ఎవారిస్తో నములుతున్నాడు.

కిటికీ బయట ఇద్దరు అమ్మాయిలు వచ్చి ఆగారు. బూట్లు సంచులకు వేలాడుతున్నాయి, కాళ్లకు రబ్బరు చెప్పులు, మడమలకు పట్టీలు. ఒకమ్మాయి నిచ్చెన మీది అమారోను, అతని తల పక్కనున్న బొమ్మను చూసి, కిటికీలోకి వంగి కేక పెట్టింది.

"దొరిందా!"

ఒతీలియా గంగాళంలోకి చూస్తూ నిలబడింది. కొక్కెం ఆమె చేతిలో కదల్లేదు.

"దొరిందా!"

ఎవారిస్తో పళ్లెం మీదినుంచి తల ఎత్తలేదు.

"ఒతీలియా," అన్నాడు. ఉప్పుకు గొంతు కీచుమంది. "నిన్నే పిలుస్తున్నారు. పలుకు."